ఆలస్యం భద్రత కాదు: బెంగళూరు ఆస్తుల రిజిస్ట్రేషన్‌పై ప్రబలిన వాదానికి ఖండన

బెంగళూరులో ఇంటి స్థలమో ఫ్లాటో కొన్నవారి దస్తావేజు రిజిస్ట్రేషన్ వారాల తరబడి నిలిచిపోతున్నదన్న ఫిర్యాదు వచ్చినప్పుడల్లా ప్రభుత్వ ప్రకటనల్లోనూ, చదువుకున్న మధ్యతరగతి చర్చల్లోనూ ఒకే సమాధానం వినిపిస్తుంది. నకిలీ పత్రాలతో ఒకరి ఆస్తిని మరొకరు అమ్ముకునే మోసాలు నగరంలో పెరిగాయి గనుక ప్రతి లావాదేవీనీ ఇతర శాఖల రికార్డులతో కంప్యూటర్ ద్వారా సరిపోల్చక తప్పదనీ, అందుకు పట్టే కాలం కొనుగోలుదారు తన భద్రత కోసం చెల్లించే మూల్యమనీ, సాఫ్ట్‌వేర్ కుదురుకుంటే ఆ కాలం కూడా తగ్గిపోతుందనీ దాని సారాంశం. కర్ణాటక స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ 2023లో కావేరి 2.0 అనే ఆన్‌లైన్ వ్యవస్థను రాష్ట్రమంతటా అమలులోకి తెచ్చినప్పుడూ, 2024 అక్టోబరులో బృహత్ బెంగళూరు మహానగర పాలికె పరిధిలోని ఆస్తుల రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతాను, అంటే ఆస్తిపన్ను నమోదు డిజిటల్ పత్రాన్ని, తప్పనిసరి చేసినప్పుడూ ముందుకు వచ్చినది ఈ వాదమే. ఇది రెండు ఊహలపై నిలబడి ఉంది: రిజిస్ట్రేషన్ జరిగితే కొన్నవారికి హక్కు ఖాయమవుతుందన్నది మొదటిది, ఏ రికార్డులతో సరిపోలుస్తున్నారో ఆ రికార్డులు సరైనవేనన్నది రెండవది. మొదటి ఊహను చట్టం అంగీకరించదు, రెండవదాన్ని బెంగళూరు చరిత్ర అంగీకరించదు.

దేశంలో ఇప్పటికీ అమలులో ఉన్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తిపై హక్కును బదిలీ చేసే దస్తావేజులను తప్పనిసరిగా నమోదు చేయించాలని ఆ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. అయితే సబ్ రిజిస్ట్రార్ విచారించవలసిన విషయాలను 34, 35 సెక్షన్లు చాలా పరిమితంగా నిర్ణయించాయి. దస్తావేజు రాసి ఇచ్చినట్లుగా చెబుతున్న వ్యక్తి నిజంగా తానే ఎదుట హాజరయ్యాడా, రాసి ఇచ్చినట్లు ఒప్పుకుంటున్నాడా అన్నవే అందులో ముఖ్యం. అమ్మేవాడికి అమ్మే హక్కు ఉన్నదా లేదా అన్నది ఆ అధికారి తేల్చే ప్రశ్న కాదు, సివిల్ న్యాయస్థానం తేల్చే ప్రశ్న. అందువల్ల మన దేశంలో నమోదయ్యేది దస్తావేజు మాత్రమే, హక్కు నమోదు కాదు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ ప్రవేశపెట్టించిన పద్ధతిలో పరిస్థితి వేరు. అక్కడ ప్రభుత్వ రిజిస్టరులో పేరు ఎక్కడమే హక్కుకు మూలం, ఆ రిజిస్టరును నమ్మి నష్టపోయినవారికి పరిహారం ఇచ్చే బాధ్యత కూడా ప్రభుత్వానిదే. బెంగళూరులో ఆ హామీ లేదు. అరవై లక్షల రూపాయల ఫ్లాటు కొన్న కుటుంబం ఐదు శాతం స్టాంపు డ్యూటీ, దానిపై సెస్సు, సర్‌చార్జి, ఆ పైన రెండు శాతం రిజిస్ట్రేషన్ రుసుము కలిపి నాలుగున్నర లక్షలకు పైగా ప్రభుత్వానికి చెల్లించిన తరువాత కూడా, పదేళ్ళకు ఎవరో వారసుడు పాత పంపకాల పత్రంతో కోర్టుకు వస్తే, ప్రభుత్వం ఆ కుటుంబం పక్షాన నిలబడవలసిన చట్టబద్ధమైన బాధ్యత ఏదీ లేదు.

ఈ సంగతిని సుప్రీంకోర్టు 2025లో రెండు తీర్పుల్లో స్పష్టం చేసింది. అమ్మేవాడు తన మూల దస్తావేజును చూపించి హక్కును నిరూపించకపోతే రిజిస్ట్రేషన్‌ను తిరస్కరించవచ్చునన్న తమిళనాడు నిబంధనల్లోని 55ఎ(1)ను ఏప్రిల్‌లో కొట్టివేస్తూ, హక్కును విచారించే అధికారం సబ్ రిజిస్ట్రారుకు మూల చట్టం ఇవ్వలేదని చెప్పింది. బిహార్‌లో జమాబందీ, అంటే రెవెన్యూ రిజిస్టరులో అమ్మేవాడి పేరు మార్పిడి జరిగినట్లు రుజువు, లేకుండా దస్తావేజును స్వీకరించరాదన్న నిబంధనలను నవంబరులో రద్దు చేసింది. ఆ రాష్ట్రంలో పేరు మార్పిడులు, భూసర్వే పూర్తి కాని స్థితిలో అలాంటి రుజువును అడగడం ఆస్తిని స్వేచ్ఛగా అమ్ముకునే హక్కుకు అడ్డు పడుతుందని కూడా ఆ తీర్పు గుర్తించింది. ఇవి తమిళనాడు, బిహార్ నిబంధనల గురించిన తీర్పులే గాని కర్ణాటక ఉత్తర్వుల గురించినవి కావు, నిజమే. కానీ ప్రభుత్వం తాను పూర్తి చేయని పనిని పూర్తయినట్లు చూపమని పౌరుణ్ణి అడగరాదన్న బిహార్ తీర్పు తర్కం బెంగళూరు ఈ-ఖాతాకు అక్షరాలా వర్తిస్తుంది.

ఖాతా అంటే ఏమిటో ఇక్కడ వివరించాలి, ఎందుకంటే గందరగోళానికి మూలం అక్కడే ఉంది. ఖాతా అనేది ఆస్తిపన్ను విధించడం కోసం నగరపాలక సంస్థ నిర్వహించే రిజిస్టరులోని నమోదు. ఆస్తి ఎక్కడ ఉంది, ఎంత విస్తీర్ణం, పన్ను ఎవరి నుంచి వసూలు చేయాలి అన్న వివరాలు అందులో ఉంటాయి. అది హక్కు పత్రం కాదని న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి. ఆ నమోదును ఈ-ఆస్తి అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, యజమాని ఆధార్, దస్తావేజు సంఖ్య, పన్ను చెల్లింపు సంఖ్య, విద్యుత్ కనెక్షన్ సంఖ్య, ఆస్తి ఛాయాచిత్రం జతచేసి, డిజిటల్ సంతకంతో ఇచ్చేదే ఈ-ఖాతా. పన్ను రిజిస్టరు ఎంత ఆధునికమైనా పన్ను రిజిస్టరే. హక్కును నిరూపించని ఒక పత్రం, హక్కును విచారించే అధికారం లేని ఒక కార్యాలయానికి ప్రవేశ ద్వారంగా మారినప్పుడు కొనుగోలుదారుకు లభించే అదనపు భద్రత ఏమిటన్న ప్రశ్నకు ప్రబల వాదం దగ్గర సమాధానం లేదు.

ఇక ఆ పన్ను రిజిస్టరు స్వయంగా ఎంత నమ్మదగినదన్నది రెండవ ప్రశ్న. 2007లో పాత నగరపాలికెకు చుట్టూ ఉన్న ఏడు నగరసభలనూ, ఒక పురసభనూ, నూట పది గ్రామాలనూ కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికెను ఏర్పాటు చేశారు. మహదేవపుర, బొమ్మనహళ్ళి, కృష్ణరాజపుర, యలహంక వంటి ప్రాంతాలు అలా నగరంలో చేరినవే. ఉద్యోగాల కోసం అనంతపురం, చిత్తూరు, కడప, హైదరాబాదుల నుంచి వచ్చిన వేలాది తెలుగు కుటుంబాలు ఇళ్ళు కొన్నది ఎక్కువగా ఈ ప్రాంతాల్లోనే. ఆ గ్రామాల్లో వ్యవసాయ భూమిని నివాస భూమిగా మార్చేందుకు 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం కింద జిల్లాధికారి అనుమతి తీసుకోకుండానే, లేఅవుటుకు ఆమోదం పొందకుండానే, సర్వే నంబరును చిన్న ముక్కలుగా కోసి అమ్మిన స్థలాలు ఎన్నో ఉన్నాయి. స్థానికులు వాటిని ‘రెవెన్యూ సైట్లు’ అంటారు. అవి అమ్ముడవుతున్నప్పుడు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలు దస్తావేజులు నమోదు చేసి స్టాంపు డ్యూటీ తీసుకున్నాయి, పంచాయతీలు పన్ను వసూలు చేశాయి, విద్యుత్ సంస్థ మీటర్లు బిగించింది. ఆ తరువాత పాలికె వాటిని సక్రమమైన ఆస్తుల రిజిస్టరులో చేర్చకుండా, పన్ను వసూలుకు మాత్రమే పనికివచ్చే వేరొక రిజిస్టరులో రాసింది. మొదటి రిజిస్టరులో ఉన్నవి ‘ఎ’ ఖాతా, రెండవదానిలో ఉన్నవి ‘బి’ ఖాతా అయ్యాయి. ‘బి’ ఖాతా ఉన్న ఇంటికి నిర్మాణ అనుమతి రాదు, బ్యాంకు రుణం దొరకడం కష్టం, పన్ను మాత్రం ఏటా కట్టాలి.

ఈ విభజనను సరిచేస్తామన్న ప్రయత్నాలు ఎన్ని మలుపులు తిరిగాయో గమనిస్తే అస్థిరత అన్న మాటకు అర్థం తెలుస్తుంది. అక్రమ నిర్మాణాలను రుసుముతో సక్రమం చేసే ‘అక్రమ-సక్రమ’ పథకాన్ని ప్రభుత్వం తెచ్చింది, 2017 జనవరిలో సుప్రీంకోర్టు దానిపై స్టే విధించింది. 2025 సెప్టెంబరులో పాలికె స్థానంలో గ్రేటర్ బెంగళూరు ప్రాధికార సంస్థ, దాని కింద ఐదు నగరపాలికెలు వచ్చాయి. అదే ఏడాది చివర మార్గదర్శక విలువలో, అంటే ప్రభుత్వం నిర్ణయించిన కనీస విలువలో, ఐదు శాతం కడితే ‘బి’ ఖాతాను ‘ఎ’ ఖాతాగా మార్చే పథకం మొదలైంది. నిన్న రుణానికి పనికిరాని ఇల్లు ఈరోజు రుసుము కడితే పనికివస్తుందంటే, మధ్యలో ఆ ఇంటి హక్కు చరిత్రలో మారినది ఏదీ లేదు. మారినది పరిపాలన విధానం ఒక్కటే. అలాంటి రిజిస్టరుతో సరిపోల్చడాన్ని భద్రతా పరీక్షగా చూపడం అన్యాయం.

సమస్య ఒక్క రిజిస్టరుతో ఆగదు. నగర శివార్లలోని ఒక స్థలం గురించి కనీసం నాలుగు శాఖలు నాలుగు రికార్డులు నిర్వహిస్తాయి. రెవెన్యూ శాఖ దగ్గర భూమి వివరాల పహాణీ ఉంటుంది, అది రెవెన్యూ రికార్డుల కంప్యూటర్ వ్యవస్థ ‘భూమి’లో ఉంటుంది. సర్వే శాఖ దగ్గర హద్దుల నక్షా ఉంటుంది, సర్వే నంబరులో కొంత భాగాన్ని అమ్మాలంటే ముందుగా ‘11-ఇ’ అనే నక్షా తీయించాలి. స్టాంపుల శాఖ దగ్గర దస్తావేజులూ, వాటి ఆధారంగా ఇచ్చే ఋణభార పత్రమూ ఉంటాయి, ప్రజలు దాన్ని ఈసీ అంటారు. నగరపాలికె దగ్గర ఖాతా ఉంటుంది. ఈ నాలుగింటినీ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం, వేర్వేరు కొలతలతో రాశారు. పహాణీలో భూమి ఎకరాలు, గుంటల్లో ఉంటుంది, దస్తావేజులో చదరపు అడుగుల్లో ఉంటుంది, ఖాతాలో ఇంటి సంఖ్య మారి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వీటిని కలిపినంత మాత్రాన తేడాలు పోవు. గతంలో గుమాస్తా కంటికి కనిపించి అక్కడికక్కడే వివరణతో పరిష్కారమయ్యే తేడా ఇప్పుడు తెరపై ఎర్రని అడ్డంకిగా మారి, దాన్ని తొలగించే అధికారం ఎదుట కూర్చున్న అధికారికి లేకుండా పోతుంది.

పేర్ల విషయంలో తెలుగువారికి ఎదురయ్యే ఇబ్బంది దీనికి మంచి ఉదాహరణ. తెలుగు కుటుంబాల్లో ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాయడం పాత అలవాటు. ముప్పై ఏళ్ళ కిందటి దస్తావేజులో పొడి అక్షరంతో ఉన్న పేరు ఆధార్‌లో పూర్తి ఇంటిపేరుతోనూ, పాన్ కార్డులో ఇంటిపేరు చివరికి వెళ్ళిన రూపంలోనూ, కన్నడంలో రాసిన ఖాతాలో మరో వర్ణక్రమంతోనూ ఉంటుంది. మనిషి ఒకడే, ఆస్తి ఒకటే. అయినా సరిపోలిక విఫలమైనప్పుడు ఒకడేనని నిరూపించే భారం అమ్మేవాడిపై పడుతుంది. అతను నోటరీ ప్రమాణపత్రం తేవాలి, ఖాతా సవరణకు దరఖాస్తు పెట్టాలి, ఆ సవరణ జరిగేదాకా దస్తావేజు ఆగాలి. ఒక కార్యాలయంలో ప్రమాణపత్రం చాలునంటారు, మరొక కార్యాలయంలో చాలదంటారు. జిల్లాలోని ఏ కార్యాలయంలోనైనా రిజిస్ట్రేషన్ చేయించుకునే సౌకర్యం వచ్చాక ఈ తేడా తగ్గవలసింది పోయి, ఎక్కడ పని సులువుగా జరుగుతుందో చెప్పగల దళారికి విలువ పెరిగింది.

ఈ ఆలస్యంలో చట్టపరంగా అన్నిటికంటే తీవ్రమైన అంశం వేరొకటి ఉంది, దానిపై చర్చ చాలా తక్కువ. 1908 చట్టం 71వ సెక్షన్ ప్రకారం సబ్ రిజిస్ట్రార్ ఒక దస్తావేజును నమోదు చేయడానికి నిరాకరిస్తే, కారణాలను రెండవ నంబరు పుస్తకంలో రాయాలి, కోరిన పక్షానికి వాటి నకలును రుసుము లేకుండా, అనవసర ఆలస్యం లేకుండా ఇవ్వాలి. ఆ ఉత్తర్వుపై 72వ సెక్షన్ కింద ముప్పై రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడ కూడా కాదంటే 77వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. కావేరి 2.0లో క్రమం మారింది. పౌరుడు వివరాలూ పత్రాలూ ఆన్‌లైన్‌లో ఎక్కిస్తాడు, అధికారి వాటిని ముందుగా పరిశీలిస్తాడు, ఆమోదిస్తేనే రుసుము చెల్లించి సమయం తీసుకుని వేలిముద్ర, ఛాయాచిత్రం కోసం కార్యాలయానికి వెళ్ళాలి. ముందస్తు పరిశీలనలో దరఖాస్తును వ్యాఖ్యతో వెనక్కి పంపితే అది చట్టం దృష్టిలో నిరాకరణ కాదు, ఎందుకంటే దస్తావేజు ఇంకా సమర్పితమే కాలేదు. నిరాకరణ లేదు గనుక రెండవ నంబరు పుస్తకంలో కారణం ఉండదు, అప్పీలు ఉండదు. ఒకసారి ఒక లోపం, సరిచేశాక మరొక లోపం చూపి ఎన్నిసార్లు వెనక్కి పంపినా పౌరుడి చేతిలో సవాలు చేయదగిన ఉత్తర్వు ఒక్కటీ మిగలదు. శతాబ్దం దాటిన వలస ప్రభుత్వ చట్టం ఇచ్చిన రక్షణను ఒక సాఫ్ట్‌వేర్ క్రమం ఆచరణలో తొలగించింది.

ఆలస్యానికి పౌరుడు చెల్లించే మూల్యం ఊహాజనితమైనది కాదు. 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ రుసుమును ఒక శాతం నుంచి రెండు శాతానికి పెంచారు. ఆగస్టులో అన్ని పత్రాలతో దరఖాస్తు చేసి ఈ-ఖాతా సవరణ కోసం ఆగవలసి వచ్చిన అరవై లక్షల కొనుగోలుదారుకు ఆ ఒక్క కారణంగానే అరవై వేల అదనపు భారం పడుతుంది. బ్యాంకు రుణ మంజూరుకు గడువు ఉంటుంది, అగ్రిమెంటుకు గడువు ఉంటుంది, దస్తావేజు రాసిన నాలుగు నెలల్లోపు సమర్పించాలని 23వ సెక్షన్ చెబుతుంది, దాటితే జరిమానా. 2025 జనవరిలో కావేరి 2.0పై సైబర్ దాడి జరిగి రిజిస్ట్రేషన్లు కుంటుపడినప్పుడు ఈ గడువులు ఆగలేదు. మరోవైపు, 2011 నాటి పౌర సేవల హామీ చట్టం, అంటే ‘సకాల’, ప్రకారం గడువు దాటిన సేవకు రోజుకు ఇరవై రూపాయల చొప్పున, గరిష్ఠంగా ఐదు వందల రూపాయల పరిహారం లభిస్తుంది. ఇంకొక నష్టం కనిపించకుండా జరుగుతుంది. సక్రమ మార్గం మూసుకున్నప్పుడు జనం అగ్రిమెంటు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీల ద్వారా చేతులు మార్చుకుంటారు. అలాంటి పత్రాలతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తీర్పు ఇచ్చింది. భద్రత పేరుతో విధించిన నిబంధన జనాన్ని అతి తక్కువ భద్రత ఉన్న పత్రాల వైపు నెడుతుంది.

నకిలీ అమ్మకాల గురించి ఎదుటి పక్షం చెప్పేది అబద్ధం కాదు. యజమాని విదేశంలో ఉండగా వేరొకరిని అతనిగా నిలబెట్టి స్థలం అమ్మిన సందర్భాలు, ఒకే ఫ్లాటును ఇద్దరికి రాసిన సందర్భాలు బెంగళూరుకు కొత్త కావు. వాటిలో బలైపోయినవారి బాధను తక్కువ చేయరాదు. కానీ ఆ మోసాలకు సరైన మందు ఎక్కడ ఉందో చూడాలి. వేషధారణ మోసానికి మందు హాజరైన వ్యక్తి గుర్తింపును గట్టిగా నిర్ధారించడం, అది సబ్ రిజిస్ట్రార్ చట్టబద్ధ విధే. రెండుసార్లు అమ్మకానికి మందు రిజిస్ట్రేషన్ శాఖ సొంత రికార్డు, అది వారి చేతిలోనే ఉంది. నకిలీ దస్తావేజు నమోదైపోతే దాన్ని రద్దు చేసే మార్గం కోసం కర్ణాటక శాసనసభ 2023లో ప్రత్యేకంగా సవరణ ఆమోదించింది. వీటిలో ఏదీ ‘బి’ ఖాతా ఉన్న పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడి ఇంటి అమ్మకాన్ని ఆపమని కోరదు. ఇక అసలైన హక్కు చిక్కులు, అంటే వారసత్వ వివాదాలు, భూసేకరణ నోటిఫికేషన్లు, పెండింగ్ దావాలు, ఈ-ఖాతాలో కనిపించవు.

సాఫ్ట్‌వేర్ కుదురుకుంటే అంతా సర్దుకుంటుందన్న ఆశకు కర్ణాటకలోనే పాత జవాబు ఉంది. 2001 ప్రాంతంలో రెవెన్యూ రికార్డులను కంప్యూటరీకరించిన ‘భూమి’ పథకాన్ని ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆ పథకం బెంగళూరు చుట్టుపక్కల ఎలా పనిచేసిందో పరిశీలించిన సోలమన్ బెంజమిన్, ఆయన సహ పరిశోధకులు 2007లో వెలువరించిన అధ్యయనంలో, అధికారం గ్రామస్థాయి నుంచి పైకి కేంద్రీకృతమైన కొద్దీ లంచాలూ కాలయాపనా పెరిగాయనీ, పెద్ద భూవ్యాపారులకు ప్రయోజనం కలిగిందనీ వాదించారు. ఆ వాదనలోని ప్రతి అంశంతో ఏకీభవించనక్కరలేదు, కానీ తప్పుల రికార్డును వేగవంతం చేస్తే తప్పులే వేగంగా అమలవుతాయన్న హెచ్చరికను ఈ-ఖాతా రూపకర్తలు పట్టించుకోవలసింది.

తెలంగాణ అనుభవం మరింత దగ్గరిది. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో వివాదం ఉన్న భూములను ‘పార్ట్-బి’ పేరుతో పక్కన పెట్టారు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమై వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, పేరు మార్పిడి తహసీల్దారు కార్యాలయంలో ఒకేసారి జరగసాగాయి. రికార్డు సరిగా ఉన్న రైతుకు పని త్వరగా జరిగింది, దాన్ని కాదనలేము. రికార్డు తప్పుగా ఉన్న రైతుకు, నిషేధిత జాబితాలో పొరపాటున సర్వే నంబరు చేరిన రైతుకు, స్థానికంగా సరిచేసే అధికారి లేకుండా పోయాడు. చివరికి ధరణికి ఆధారమైన చట్టాన్నే మార్చి, 2025 ఏప్రిల్ 14న ‘భూభారతి’ వ్యవస్థను తేవలసి వచ్చింది. బెంగళూరు ‘బి’ ఖాతా యజమాని స్థితి ఆ ‘పార్ట్-బి’ రైతు స్థితికి భిన్నం కాదు.

ఈ స్థితిని మార్చడానికి బాధ్యత దిశను తిప్పాలి. ఈ-ఖాతా లేకపోయినా, దానిలో తేడా ఉన్నా, దస్తావేజును నమోదు చేసి, ఖాతా సరిపోలలేదన్న విషయాన్ని దానిపైనే స్పష్టంగా రాయాలి. కొనేవాడు ఆ సంగతి తెలిసి నిర్ణయం తీసుకుంటాడు. ముందస్తు పరిశీలనలో వెనక్కి పంపిన ప్రతి దరఖాస్తునూ 71వ సెక్షన్ నిరాకరణగా పరిగణించి, అన్ని లోపాలనూ ఒకేసారి చెప్పే కారణసహిత ఉత్తర్వు ఇవ్వాలి. శాఖల మధ్య తేడాను సవరించే పని ఆ రికార్డు రాసిన శాఖదే కావాలి, పౌరుడు నాలుగు కార్యాలయాల మధ్య దూతగా తిరగరాదు. హక్కుకే ప్రభుత్వ హామీ ఇచ్చే పద్ధతికి మారాలని ఆచార్య డి.సి. వాధ్వా 1989లోనే కేంద్రానికి నివేదిక ఇచ్చారు. అది దీర్ఘకాలిక లక్ష్యం. 2023 అక్టోబరులో అమలులోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం ప్రజల విశ్వాసం పొందలేక మరుసటి ఏడాదే రద్దయిన తీరు, రికార్డును సరిచేయకుండా, అప్పీలు మార్గాలపై నమ్మకం కలిగించకుండా ఆ లక్ష్యాన్ని చేరలేమని చూపింది. హామీ ఇవ్వలేని ప్రభుత్వానికి హామీ ఇచ్చినంత కఠినంగా ప్రవర్తించే నైతిక అర్హత లేదు.

బెంగళూరులో ఆస్తి కొంటున్న, అమ్ముతున్న తెలుగు పాఠకులకు ఒక విజ్ఞప్తి. దరఖాస్తు పోర్టల్‌లో పదేపదే వెనక్కి వస్తుంటే మౌనంగా కొత్త పత్రాలు జతచేస్తూ పోవద్దు. నాలుగు నెలల గడువు దాటకముందే దస్తావేజును సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో సమర్పించి, నమోదు చేయకపోతే 71వ సెక్షన్ కింద కారణాలతో కూడిన ఉత్తర్వు నకలును రాతపూర్వకంగా కోరండి, ఆ ఉత్తర్వు తేదీ నుంచి ముప్పై రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేయండి.